నల్లాకి మోటరు, ఫోనుకి బూస్టరు

మన ఏరియాలో "రిలే" అనే మాట ఎవరికీ కొత్త కాదు. అశోక్ నగర్ నుంచి నాలుగడుగులు వేస్తే ఇందిరా పార్కు, ఆ పక్కనే ధర్నా చౌక్. అక్కడ రిలే నిరాహార దీక్షలు ఎన్ని చూళ్ళేదు మనం! పొద్దున కూర్చున్న బ్యాచ్ సాయంత్రానికి నిమ్మరసం తాగి లేస్తుంది, మర్నాడు ఇంకో బ్యాచ్ కూర్చుంటుంది, దీక్ష మాత్రం ఆగదు. మా నాన్నగారి తరానికైతే రిలే అంటే రేడియో. ఢిల్లీలో చదివిన వార్తల్ని ఇక్కడి కేంద్రం అందుకుని మళ్ళీ వినిపించడం.

వైర్‌లెస్ లో రిలే కూడా ఇంతకన్నా పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పంపేవాడికీ అందుకునేవాడికీ మధ్యలో ఒకడు నిలబడి, విన్నదాన్ని ముందుకి చేరవేస్తాడు. మధ్యలోవాడు మంచివాడైతే మాట తెగదు, పక్కవాడికి పొక్కదు. కాకపోతే రెండూ పోతాయి.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ గల్లీల్లో ఈ మధ్యలోవాడి పేరుతో నడుస్తున్న భాగోతం చూసి ఒళ్ళు మండి ఈ టపా రాస్తున్నాను. నేను చదివింది ఈసీఈ, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది చిక్కడపల్లిలో కిరాయి ఫ్లాట్లో. కాబట్టి ఈ గొడవలో తలదూర్చడానికి నాకు మూడు రకాల హక్కుంది :)

ముందు మా గల్లీ సంగతి

మా గల్లీలో ఒక అపార్ట్‌మెంట్ ఉంది. పేరెందుకు లెండి. టవర్లు పెట్టేవాళ్ళు వచ్చి "మీ టాపు మీద యాంటెన్నా పెట్టుకుంటాం, కిరాయిస్తాం" అన్నారు. అసోసియేషన్ మీటింగు పెట్టారు. "అమ్మో రేడియేషన్! పిల్లలున్న బిల్డింగు! ససేమిరా" అని తీర్మానం చేసి పంపించేశారు. సరే, వాళ్ళ బిల్డింగు, వాళ్ళిష్టం. ఏడాది తిరక్కుండా అదే బిల్డింగులో నాలుగు ఫ్లాట్లవాళ్ళు సిగ్నల్ బూస్టర్లు బిగించుకున్నారు. టాపు మీద ఒక చిన్న యాంటెన్నా, అక్కణ్ణించి కేబులు, హాల్లో సోఫా నెత్తిమీద ఇంకో యాంటెన్నా. అంటే టాపు మీదుంటే కేన్సరు, సోఫా మీదుంటే సౌకర్యం! ఇదెక్కడి సైన్సండీ బాబూ?

వాళ్ళ బాధ అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. మా గల్లీల్లో బిల్డింగుకీ బిల్డింగుకీ మధ్య చెయ్యి పెట్టే సందు కూడా ఉండదు. వెనకవైపు బెడ్రూముల్లో ఫోను పలకదు. అందరూ బాల్కనీలోకొచ్చి "హలో.. హలో.. ఇప్పుడు వినిపిస్తోందా" అని అరుస్తుంటారు. ఎవరింట్లో ఏ పెళ్ళిసంబంధం నడుస్తోందో గల్లీ మొత్తానికి తెలిసిపోతుంది. ప్రైవసీ గురించి పెద్ద పెద్ద మాటలు తర్వాత, ముందు ఇది చూడండి! నా సర్వీసువాళ్ళకి నేను కంప్లయింటు ఇస్తే "మా మ్యాపులో మీ ఏరియా పచ్చగానే ఉంది సార్" అన్నారు. మ్యాపులో ఉన్న పచ్చదనం నా బెడ్రూములో లేదు మహాప్రభో అంటే టికెట్ క్లోజ్ చేశారు.

అశోక్ నగర్ హాస్టళ్ళది ఇంకో కథ. కింద రిసెప్షన్లో ఒక బ్రాడ్‌బ్యాండ్ రౌటరు. ఫస్టు ఫ్లోరులో ఒక వైఫై ఎక్స్‌టెండరు, దాన్నుంచి అందుకుని సెకండ్ ఫ్లోరులో ఇంకోటి, దాన్నుంచి అందుకుని పై ఫ్లోరులో మరోటి. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు, అది గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసుంటుంది. ప్లైవుడ్ పార్టిషన్ల మధ్య గ్రూప్స్ కి చదివే పిల్లలు. అప్లికేషన్ ఆఖరు తేదీ రాత్రి ఫీజు కట్టబోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఓటీపీ రాదు, వచ్చేసరికి టైము అయిపోతుంది. రెండేళ్ళు చదివిన చదువు ఆరంకెల మెసేజి కోసం కిటికీ దగ్గర నిలబడుతుంది. నమ్మకంగా మాట చేరడం అనేది వీళ్ళ విషయంలో కాలక్షేపం సంగతి కాదండీ.

సెల్లార్లలో నడిపే స్టడీ హాళ్ళ గురించి కూడా ఒక మాట. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్ లో ఒక కోచింగ్ సెంటరు సెల్లారులోకి వాననీళ్ళు చేరి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అక్కడ కారణం సిగ్నల్ కాదు, నీళ్ళూ, నిర్లక్ష్యమూ. కానీ ఫోను పలకని సెల్లారులో యాభైమందిని కూర్చోబెట్టేవాడు ఆ వార్త చదివాక కూడా "సిగ్నల్ లేకపోతే డిస్టర్బెన్స్ ఉండదు, బాగా చదువుకోవచ్చు" అంటుంటే ఏమనాలి?

అసలు రిలే ఎందుకు పనిచేస్తుంది

ఊళ్ళో గోడల మధ్య సిగ్నల్ శక్తి దూరంతో పాటు చాలా వేగంగా పడిపోతుంది, ఉజ్జాయింపుగా దూరానికి నాలుగో ఘాతంలో. అంటే దూరం సగం చేస్తే అందే శక్తి 16 రెట్లు పెరుగుతుంది. మధ్యలో ఒక రిలే పెడితే ఒక పెద్ద దూకుడు రెండు చిన్న అడుగులవుతుంది. ఇది ఒక లాభం.

రెండో లాభం ఇంకా గొప్పది. నేరుగా వెళ్ళే దారి పదిసార్లలో ఒకసారి ఫెయిలవుతుందనుకుందాం. రిలే మీదుగా వెళ్ళే దారి కూడా పదికి ఒకసారే ఫెయిలవుతుందనుకుందాం. రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, రెండూ ఒకేసారి ఫెయిలయ్యేది నూటికి ఒకసారి. పవరు పెంచకుండా, కేవలం రెండో దారి ఉండటం వల్ల వచ్చిన లాభం అది. క్రాస్ రోడ్స్ లో ట్రాఫిక్ జామ్ అయితే బాగ్‌లింగంపల్లి మీదుగా పోతాం చూడండి, అదే.

ఇదేదో నిన్నమొన్నటి ఆలోచన కూడా కాదు. వాన్ డెర్ మ్యూలెన్ అనే ఆయన 1971లో మూడు కొసల ఛానల్ గురించి రాశాడు. 1979లో కవర్, ఎల్ గమాల్ రిలే ఛానల్ మీద ప్రసిద్ధమైన పేపరు రాశారు. 2004లో లేన్‌మన్, ట్సే, వార్నెల్ అనే ముగ్గురు రిలేల్లో రెండు పద్ధతుల్ని విడమర్చి చెప్పారు. ఒకటి, విన్నదాన్ని అలాగే గట్టిగా మళ్ళీ అరవడం. రెండోది, విన్నదాన్ని అర్థం చేసుకుని, తప్పులు దిద్ది, శుభ్రంగా మళ్ళీ చెప్పడం. ఈ తేడా గుర్తుంచుకోండి, నా గొడవంతా దీనిమీదే.

అరిచే రిలే: బూస్టరు

మా గల్లీ బూస్టర్లన్నీ మొదటి రకం. వాటికి మాటకీ చప్పుడుకీ తేడా తెలీదు. సిగ్నల్ తో పాటు రొదని కూడా పెంచుతాయి. అంతటితో ఆగితే ఫర్వాలేదు. టాపు మీద యాంటెన్నాకీ హాల్లో యాంటెన్నాకీ మధ్య సరిపడా అడ్డు లేకపోతే ఒకదాని కేక ఇంకోదానికి వినపడి, అది మళ్ళీ దీనికి వినపడి.. ఫంక్షన్ హాల్లో మైకు స్పీకరు ముందుకి తెస్తే "కీఁ..." అని అరుస్తుంది చూడండి, అచ్చం అదే. కాకపోతే ఈ కీచు మన చెవికి వినపడదు, టవరుకి వినపడుతుంది. ఆ రొదలో మిగతా ఫోన్ల గొంతు టవరుకి చేరదు. మూడో ఫ్లోరు అంకుల్ గారి హాల్లో నాలుగు గీతలు పెరిగితే, పక్క గల్లీలో నలుగురి కాల్స్ కట్టయిపోతాయి.

నల్లాకి డైరెక్టుగా మోటరు బిగించడం తెలుసు కదా? మన సిటీలో పాత జబ్బు. నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఒకడు మోటరు పెడతాడు, వాడి సంపు నిండుతుంది, లైను చివర ఉన్న ముసలమ్మ బిందె ఎండుతుంది. ఆవిడ కొడుకు కూడా మోటరు పెడతాడు. చివరికి అందరికీ మోటర్లుంటాయి, ఎవరికీ నీళ్ళుండవు. బూస్టరు అంటే ఫోను లైనుకి బిగించిన నల్లా మోటరు. 2025 ఏప్రిల్లో జలమండలి వాళ్ళు మోటర్లు పట్టుకోవడానికి ప్రత్యేకంగా డ్రైవ్ పెడితే చప్పట్లు కొట్టినవాళ్ళే బూస్టరు మాత్రం గర్వంగా చూపిస్తారు.

అన్నట్టు ఇది చట్టవిరుద్ధం కూడా. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోకూడదని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమే చెప్పింది. అది పాత కాలపు చట్టం అని కొట్టిపారేసేవాళ్ళకి, 2023లో వచ్చిన కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా ఆ అనుమతి సంగతి వదిలిపెట్టలేదు. అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు. "ఇన్‌స్టలేషన్ ఫ్రీ సార్" అని మాత్రం చెప్తాడు.

అర్థం చేసుకునే రిలే: ఇక్కడ భయం వేరు

న్యాయంగా చెప్పాలంటే బూస్టరు మీ మాటలు వినదు. దానికంత తెలివి లేదు. రెండో రకం రిలేకి తెలివుంటుంది, అందుకే జాగ్రత్త పడాలి. చదివి మళ్ళీ చెప్పేవాడు చదవగలడు కదా మరి!

2013లో అమెరికాలో బ్లాక్ హ్యాట్ సదస్సులో కొందరు పరిశోధకులు, వెరైజన్ తన కస్టమర్ల ఇళ్ళకిచ్చిన ఫెమ్టోసెల్ అనే బుల్లి టవరుని లొంగదీసుకుని, దాని పరిధిలో ఉన్న ఫోన్ల కాల్స్, మెసేజీలు పట్టుకోవచ్చని చూపించారు. చూపించేలోగా కంపెనీ ఆ కన్నం పూడ్చింది, అది వేరే విషయం. పాఠం మాత్రం మిగిలింది: మధ్యలోవాడి చేతికి తాళంచెవి ఇస్తే, వాణ్ణి కొన్నవాడికీ ఇచ్చినట్టే.

మధ్యలో ఉన్నవాడు చదవగలిగితే ఏమవుతుందో అశోక్ నగర్ కి నేను చెప్పాలా? 2022 అక్టోబర్ 16న రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ 2023 మార్చి 17న రద్దయింది. ఎందుకు? పేపరు తయారుచేసినవాడికీ రాసేవాడికీ మధ్యలో, దాన్ని భద్రంగా చేరవెయ్యాల్సిన చోట, చూడకూడని కళ్ళు చూశాయి కాబట్టి. సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద కూర్చున్న ఏ తమ్ముణ్ణి అడిగినా దీని గురించి నాకన్నా బాగా చెప్తాడు.

ఇహ వాదనలకి జవాబులు

"నా ఇల్లు, నా బూస్టరు, నీకేంటి నొప్పి?" - నల్లా మోటరు దగ్గరే జవాబు చెప్పాను. గోడలు మీవి, గాలి మీది కాదు.

"టవరు దూరంగా ఉంటేనే రేడియేషన్ తక్కువ." - ఇది వినడానికి బావుంటుంది, నిజం తిరగబడి ఉంటుంది. టవరుకి సిగ్నల్ అందకపోతే గొంతు పెంచేది మీ ఫోను. 4జీ ఫోను గరిష్ఠంగా సుమారు 200 మిల్లీవాట్లతో అరవగలదు, టవరు దగ్గరుంటే అందులో వెయ్యోవంతుతో కూడా పని జరుపుకుంటుంది. ఆ అరుపు అరిచేది ఎక్కడో టాపు మీద కాదు, మీ చెవి దగ్గర. పైగా టవర్ల రేడియేషన్ మీద మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి పెట్టుకున్న హద్దు అంతర్జాతీయ సంస్థ చెప్పినదాంట్లో పదో వంతు. నమ్మకం లేదా? 2017లో మొదలైన తరంగ్ సంచార్ పోర్టల్ లో రుసుము కట్టి మీ ఇంటి దగ్గరే కొలిపించుకునే వీలు పెట్టారు. కొలవకుండా భయపడటం, కొలవకుండా బూస్టరు పెట్టడం, రెండూ ఒకే జబ్బు.

"ఎన్‌క్రిప్షన్ ఉందిగా, మధ్యలో ఎవడుంటే ఏంటి?" - మన సాఫ్ట్‌వేర్ సోదరుల ఇష్టమైన డైలాగు. ఎన్‌క్రిప్షన్ అంటే కవరు అంటించడం, లోపలిది మారలేదని ముద్ర వెయ్యడం వేరే పని. 4జీలో యూజర్ డేటాకి కవరుంది, ముద్ర లేదు. జర్మనీలోని బోఖుమ్ యూనివర్సిటీ వాళ్ళూ వాళ్ళ సహచరులూ 2018లో "ఆల్టర్" అనే దాడి బయటపెట్టారు. ఫోనుకీ టవరుకీ మధ్యలో దొంగ రిలే పెట్టి, కవరు విప్పకుండానే లోపలి చిరునామా అంకెలు మార్చేశారు. ఫలానా సైటుకి పోవాలనుకున్నవాడు దొంగ సైటుకి పోతాడు. 5జీలో ఆ ముద్ర వేసే వీలు పెట్టారు గానీ వాడి తీరాలని లేదు. ఇక పాత 2జీ సంగతి సరేసరి. అందులో మీ సిమ్ముని టవరు పరీక్షిస్తుంది, టవరు అసలుదో నకిలీదో మీ ఫోను పరీక్షించదు. బూస్టర్ల రొదకి 4జీ తట్టుకోలేక ఫోను 2జీకి జారిందంటే మీ ఓటీపీ ఆ పాత రోడ్డు మీదే వస్తుంది. నమ్మకం పోతే భద్రత కూడా పోతుందని నేననేది ఇందుకే.

"అసలు ఈ రిలేలన్నీ ఎందుకు, కంపెనీవాడే సరిగ్గా సిగ్నల్ ఇవ్వాలి." - కంపెనీ బాధ్యత గురించి మీతో నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. కానీ ఆ కంపెనీ ఇచ్చేదీ రిలే ద్వారానే! 2022 అక్టోబర్ లో మన దేశంలో మొదలైన 5జీలో ముఖ్యమైన బ్యాండు 3300 మెగాహెర్ట్జ్ పైన ఉంది. మన గోడల్ని దాటడం దానికి చాలా కష్టం. అందుకే ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ళు 4జీలో రిలే నోడ్లు చేర్చారు, రిలీజ్ 18లో నెట్‌వర్కు చెప్పుచేతల్లో ఉండే రిపీటర్లు చేర్చారు. ఎప్పుడు మాట్లాడాలో, ఏ వైపుకి మాట్లాడాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో టవరు చెప్తుంది. బూస్టరుకీ దీనికీ తేడా ఆ నోరు మూసుకోవడంలోనే ఉంది.

మిక్సీ వేసి రహస్యం చెప్పడం

రిలే వల్ల భద్రత పెరుగుతుందంటే నవ్వేవాళ్ళకి ఇంకో ముచ్చట. 1975లో వైనర్ అనే ఆయన, దొంగచాటుగా వినేవాడికి అందే సిగ్నల్ అసలువాడికి అందేదానికన్నా నాసిగా ఉంటే, రహస్య తాళంచెవి లేకుండానే రహస్యం పంపవచ్చని గణితంలో చూపించాడు. 2010లో డాంగ్, హాన్, పెట్రోపులు, పూర్ అనే నలుగురు ఇందులోకి రిలేల్ని తెచ్చారు. రిలేలు కలిసికట్టుగా మాటని అసలువాడి వైపు గట్టిగా, దొంగ వైపు వినపడకుండా పంపొచ్చు. లేదా ఒక రిలే కావాలనే రొద చెయ్యొచ్చు. మన ఇళ్ళల్లో ఎప్పణ్ణించో ఉన్న టెక్నాలజీయే ఇది. పక్కగదిలో వాళ్ళకి వినపడకూడదంటే మిక్సీ ఆన్ చేసి చెవిలో చెప్తారు కదా :) అదే ఏడాది హీ, యెనర్ అనే ఇద్దరు, నమ్మకం లేని రిలేని కూడా మోతకి వాడుకోవచ్చు, మాట మాత్రం దానికి చిక్కనివ్వకుండా, అని చూపించారు.

అయితే దీన్ని పట్టుకుని "ఇంక ఎన్‌క్రిప్షన్ అక్కర్లేదు" అనకండి. ఈ లెక్కల్లో చాలావాటికి దొంగ ఎక్కడున్నాడో కొంతైనా తెలియాలి. దొంగ వచ్చి చిక్కడపల్లి పోలీస్ స్టేషన్లో అడ్రసు రాయించి వెళ్ళడు. నాకు ఈ పేపర్లలో నచ్చింది ఒక్కటే: మధ్యవాడి సాయం తీసుకోవచ్చు, వాణ్ణి నమ్మాల్సిన పని లేకుండా.

అది ఇప్పటికే మీ జేబులో ఉంది. దాని పేరు వైఫై కాలింగ్. మన దగ్గర 2019 డిసెంబర్, 2020 జనవరిల్లో ఎయిర్‌టెల్, జియో మొదలెట్టాయి. ఫోను తన కాల్ ని ఒక తాళం వేసిన గొట్టంలో పెట్టి, వైఫై మీదుగా తిన్నగా కంపెనీ గేటు దాకా పంపుతుంది. హాస్టల్ రౌటరు, ఎక్స్‌టెండరు, బ్రాడ్‌బ్యాండ్ వాడు ముగ్గురూ మోస్తారు, ఒక్కడికీ లోపలిది కనపడదు. బూస్టరుకి వేలు పోసేముందు సెట్టింగ్స్ లో ఒక్క బటన్ నొక్కి చూడండయ్యా!

నేనడిగేది ఇదీ

హాస్టల్ ఓనర్లకి: ఎక్స్‌టెండరుకి ఎక్స్‌టెండరు తగిలించడం ఆపండి. ఒకే రేడియోతో వినీ చెప్పీ చేసే ఎక్స్‌టెండరు దగ్గర ప్రతి మజిలీకీ వేగం సగానికి పడుతుంది. మూడు మజిలీలకి మిగిలేది ఎనిమిదో వంతు. ప్రతి ఫ్లోరుకీ ఒక కేబులు లాగి, చివర ఒక యాక్సెస్ పాయింటు పెట్టండి. డబ్బాతో పాటు వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డు మార్చండి. గోడ మీద స్కెచ్ పెన్ను రాత చెరపండి.

అపార్ట్‌మెంట్ పెద్దలకి: టవరువాడో చిన్న సెల్ పెట్టేవాడో వస్తే తలుపెయ్యకండి. కొలతలడగండి, కాగితాలడగండి, కిరాయి కూడా గట్టిగా అడగండి. అనుమతి ఉన్న ఒక్క పరికరం, అనుమతి లేని నాలుగు డబ్బాల కన్నా నయం.

కంపెనీలకి: మీ పచ్చరంగు మ్యాపు బాల్కనీ వరకే నిజం. ట్రాయ్ 2024లో బిల్డింగులకి డిజిటల్ కనెక్టివిటీ రేటింగు ఇచ్చే నిబంధనలు తెచ్చింది. కొత్త టవర్లకి గేటెడ్ కమ్యూనిటీల్లో స్టార్లు వేయించుకోవడం సరే, నలభై ఏళ్ళ నాటి నారాయణగూడ బిల్డింగు సంగతేంటి? లోపల సిగ్నల్ ఇచ్చే పని మీది. మీరు చెయ్యకపోబట్టే బూస్టరువాడికి గిరాకీ.

బ్యాంకులకీ, అప్లికేషన్లు తీసుకునే ఆఫీసులకీ: మనిషి భవిష్యత్తుని ఒక్క ఎస్సెమ్మెస్ కి కట్టెయ్యకండి. అది రాకపోతే ఇంకో దారి పెట్టండి. రెండో దారి విలువ పైన లెక్కగట్టి చూపించాను.

వైర్‌లెస్ లో మనం ఎప్పుడూ ఇంకొకడి భుజం మీదుగానే మాట్లాడతాం. ఆ ఇంకొకడు పేరూ ఊరూ ఉన్నవాడై ఉండాలి, పక్కవాడి గొంతు నొక్కకూడదు, మోసేది చదవలేకుండా ఉండాలి. ఈ మూడూ ఉన్నదాన్నే నేను రిలే అంటాను. లేనిదాన్ని డబ్బా అంటాను, అది ఎన్ని గీతలు చూపించినా సరే.

తా.క.: మీ ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్ లో "2జీ అనుమతించు" అనే మీట ఉందేమో వెతకండి, కొత్త ఫోన్లలో చాలావాటికి ఉంటుంది. 4జీ సరిగ్గా అందే చోట అది ఆపెయ్యండి. ఊరికి వెళ్ళేటప్పుడు మళ్ళీ వేసుకోవడం మర్చిపోకండి, లేదంటే ఇంట్లోవాళ్ళు నన్ను తిడతారు.